రేసు కారు సస్పెన్షన్ కదలికను తక్కువ ఖర్చుతో కొలవడం: సెన్సర్ల ధరల వెనుక ఉన్న లెక్కలు

కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి ఇంజనీరింగ్ విద్యార్థులు తామే రూపొందించి, తామే వెల్డింగ్ చేసి కట్టుకున్న చిన్న రేసు కార్లతో వస్తారు. ఆ కారు ఎంత వేగంగా పరిగెత్తిందన్నది ఒక్కటే అక్కడ లెక్కలోకి రాదు. దానిని అలాగే ఎందుకు కట్టారో డిజైన్ పరీక్షలో న్యాయనిర్ణేతల ముందు నిలబడి వివరించాలి. మలుపులో కారు ఒక డిగ్రీ మాత్రమే ఒరుగుతుందని కంప్యూటర్ లెక్క చూపించిన జట్టుకు వెంటనే ఎదురయ్యే ప్రశ్న, నిజంగా అంతే ఒరిగిందని మీకెలా తెలుసన్నదే. దానికి జవాబు చెప్పాలంటే సస్పెన్షన్ కదలికను కొలిచి ఉండాలి.

కొలుద్దామని సెన్సర్ల కోసం వెతకడం మొదలుపెట్టగానే చిక్కు వస్తుంది. మూడు వందల రూపాయల లోపు దొరికే అయస్కాంత సెన్సర్ బోర్డు ఒకటి, కొన్ని వేలు పలికే పారిశ్రామిక సెన్సర్ ఒకటి, దిగుమతి సుంకంతో కలిపి పది వేలు దాటి పాతిక వేల దాకా పోయే రేసింగ్ సెన్సర్ ఒకటి కనిపిస్తాయి. మూడూ కదలికను వోల్టేజీగా మార్చేవే. కారుకు నాలుగు చక్రాలు కాబట్టి ఏ తేడా అయినా నాలుగింతలవుతుంది. మరి ఆ తేడా దేనికి, ఎక్కడ ఆదా చేస్తే నష్టం లేదు, ఎక్కడ చేస్తే కొలతే చెడిపోతుంది అన్నది అసలు విషయం.

కొలిచేది ఏ కదలికను

చక్రం గతుకు ఎక్కినప్పుడు పైకి లేస్తుంది. దానితో పాటు డ్యాంపరు, అంటే మన మెకానిక్కులు షాకబ్జర్ అని పిలిచేది, కుంచించుకుంటుంది. సెన్సర్ సాధారణంగా చక్రం కదలికను నేరుగా కొలవదు; డ్యాంపరు పక్కన సమాంతరంగా బిగించి ఉండి, డ్యాంపరు ఎంత కుంచించుకుందో, ఎంత సాగిందో చెబుతుంది. చక్రం 50 మిల్లీమీటర్లు కదిలితే డ్యాంపరు 40 మిల్లీమీటర్లు కదిలే కారులో ఈ రెంటి నిష్పత్తి 0.8. డ్యాంపరు కొలతను ఆ 0.8తో భాగిస్తే చక్రం కదలిక వస్తుంది. ఈ నిష్పత్తి కదలిక పొడవునా ఒకేలా ఉండకపోవచ్చు కాబట్టి, స్ప్రింగు విప్పి చక్రాన్ని కొద్దికొద్దిగా పైకెత్తుతూ రెండు కొలతలనూ పక్కపక్కన రాసుకున్న పట్టిక ఉంటేనే తరువాతి లెక్కలు నమ్మదగినవిగా ఉంటాయి.

అన్నిటికంటే చవకైన సెన్సర్‌కు తీగలే అక్కర్లేదు. డ్యాంపరు కడ్డీ చుట్టూ ఒక జిప్ టైని వదులుగా బిగిస్తే, కారు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అది జరిగి ఆగిన చోటు ఆ చుట్టులో డ్యాంపరు గరిష్ఠంగా ఎంత కుంచించుకుందో చూపిస్తుంది. స్ప్రింగు మరీ మెత్తగా ఉండి అడుగు తగులుతోందా అన్న ఒక్క ప్రశ్నకు ఇది పూర్తి జవాబు. ఎప్పుడు, ఏ మలుపులో, ఎంత వేగంగా అన్నవి మాత్రం ఇది చెప్పలేదు. సెన్సర్‌కు పెట్టే డబ్బంతా ఈ మూడు మాటల కోసమే.

పొడవు విషయంలో తరచుగా జరిగే పొరపాటు

ఇలాంటి విద్యార్థి పోటీల ఫార్ములా స్టూడెంట్ నిబంధనల ప్రకారం చక్రానికి కనీసం 50 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. 0.8 నిష్పత్తితో అది డ్యాంపరు దగ్గర 40 మిల్లీమీటర్లవుతుంది కాబట్టి 50 మిల్లీమీటర్ల సెన్సర్ చాలునని లెక్క వేస్తే ట్రాక్ మీద చాలుతుంది కూడా. కాని కారును జాకీ మీద ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడి, డ్యాంపరు తన పూర్తి పొడవుకు సాగుతుంది. డ్యాంపరు మొత్తం కదలిక 57 మిల్లీమీటర్లయితే, 50 మిల్లీమీటర్ల సెన్సర్ ఆ క్షణంలో డ్యాంపరు కంటే ముందే తన చివరకు చేరి, చక్రం బరువంతా తానే మోస్తుంది. సన్నని కడ్డీ ఊడి రావడమో, లోపలి భాగం విరగడమో జరిగేది ఇలా షెడ్డులోనే తప్ప రేసులో కాదు. అందుకే సెన్సర్ పొడవును వాడుకునే కదలికతో కాక డ్యాంపరు పూర్తి కదలికతో పోల్చాలి: 57కు 75 మిల్లీమీటర్ల సెన్సర్ తీసుకుంటే రెండు చివరలా తొమ్మిదేసి మిల్లీమీటర్లు మిగులుతాయి. అలాగని ఎందుకైనా మంచిదని 150 మిల్లీమీటర్లది కొంటే వోల్టేజీలో సగానికి పైగా వృథా అయి కొలత అంత మేరకు ముతకబారుతుంది.

సెన్సర్లలో రకాలు, అవి చెడిపోయే తీరు

ఎక్కువగా వాడేది తిన్నగా జారే పొటెన్షియోమీటరు. పాత రేడియోలో శబ్దాన్ని పెంచే మర లోపల ఉండే భాగం ఇదే. అక్కడ గుండ్రంగా తిరిగేది ఇక్కడ తిన్నగా జారుతుంది. ఒక నిరోధక పట్టీకి రెండు చివరల మధ్య 5 వోల్టులు ఇస్తారు. పట్టీ మీద రాసుకుంటూ జారే వైపర్ ఎక్కడ ఆగితే అక్కడి వోల్టేజీ బయటికి వస్తుంది. సగం దూరంలో ఉంటే 2.5 వోల్టులు, ముప్పావు దూరంలో ఉంటే 3.75 వోల్టులు. కొలిచే పరికరం కూడా అదే 5 వోల్టుల సరఫరాను ప్రమాణంగా తీసుకుంటే, బ్యాటరీ ఒడుదొడుకుల వల్ల ఆ 5 కాస్తా 4.9 అయినా నిష్పత్తి మారదు కాబట్టి కొలత చెడదు. ఈ సదుపాయం ఉచితంగా వస్తున్నా, సెన్సర్‌కు ఒక సరఫరా, కొలిచే చిప్‌కు మరొక సరఫరా ఇచ్చి పోగొట్టుకునే జట్లు ఉంటాయి.

పట్టీ దేనితో చేశారన్నది ధరలో పెద్ద భాగం. ధ్వని పరికరాల కోసం చేసిన చిన్న స్లైడర్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో పదుల రూపాయలకే దొరుకుతాయి. వాటి పట్టీ కార్బన్ పూత, దుమ్ము పడకుండా మూత కూడా ఉండదు. పైగా శబ్దం కోసం చేసిన కొన్నింటిలో నిరోధం సమానంగా పెరగక, చెవికి అనుగుణంగా ముందు నెమ్మదిగా, తరువాత వేగంగా పెరుగుతుంది. మంచి సెన్సర్లలో పట్టీని విద్యుత్తు ప్రవహించే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది నున్నగా ఉండి లక్షల సార్లు రాసుకున్నా తట్టుకుంటుంది.

అయినా అరుగుతుంది, అదీ ఒక విచిత్రమైన చోట. పాత రేడియో మరను ఇంట్లో అందరూ ఎప్పుడూ ఒకే శబ్దం దగ్గర ఆపుతుంటే కొన్నేళ్లకు సరిగ్గా అక్కడే గరగరమంటుంది. సస్పెన్షన్ సెన్సర్ కూడా అంతే. డ్రైవరు కూర్చున్న కారు నిశ్చల స్థితిలో ఏ ఎత్తులో నిలుస్తుందో ఆ చోటనే వైపర్ ఇంజను కంపనాలకు రోజంతా అర మిల్లీమీటరు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అక్కడి పట్టీ ముందుగా అరిగిపోతుంది. గ్రాఫులో దాని గుర్తు పట్టడం తేలిక: చక్రం పైకీ కిందికీ పోయేటప్పుడు గీత నున్నగా ఉండి, ప్రతిసారీ ఆ ఒక్క ఎత్తును దాటేటప్పుడు సూది మొనలాంటి గీత ఒకటి సున్నాకు దిగి మళ్లీ లేస్తుంది. గతుకు వల్ల వచ్చిన కదలిక అలా ఉండదు, ఎందుకంటే ఏ చక్రమూ ఒక మిల్లీసెకనులో 30 మిల్లీమీటర్లు పోయి తిరిగి రాలేదు.

రాపిడే వద్దనుకునేవారికి రెండో దారి అయస్కాంతం. రాకర్, అంటే పుష్‌రాడ్ (చక్రం నుంచి వచ్చే కడ్డీ) కదలికను డ్యాంపరుకు మలిపే త్రికోణపు ముక్క, ఇరుసు చివర చిన్న అయస్కాంతాన్ని అతికించి, దానికి ఎదురుగా ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ చిప్‌ను నిలిపితే, రెండూ తాకకుండానే కోణం తెలుస్తుంది. ఏఎస్5600 ఈ పనికి బాగా వాడుకలో ఉన్న చవక చిప్. పూర్తి వృత్తాన్ని 4096 మెట్లుగా విభజిస్తుందని చెప్పగానే ఎంతో సూక్ష్మమైనదనిపిస్తుంది కాని, రాకర్ పూర్తి వృత్తం తిరగదు. ఇరుసు నుంచి డ్యాంపరు బోల్టు దాకా 60 మిల్లీమీటర్లుండి, డ్యాంపరు 40 మిల్లీమీటర్లు కదిలితే, రాకర్ తిరిగేది 39 డిగ్రీలే. చిప్‌ను పూర్తి వృత్తపు అమరికలోనే వాడితే ఆ మేరకు వాడుకలోకి వచ్చేవి సుమారు 440 మెట్లు. ఒక్కో మెట్టు 0.09 మిల్లీమీటర్లు. ఇది చెడ్డదేమీ కాదు, పన్నెండు బిట్లన్న (అంటే 4096 మెట్లన్న) మాట విని ఊహించుకున్నంత గొప్పదీ కాదు. ఇంకొక చిక్కు, ఈ చిప్ డిజిటల్ చిరునామాను మార్చలేము కాబట్టి నాలుగింటిని ఒకే తీగల జతకు కలిపితే ఒకదాని మాట ఇంకొకదానితో కలిసిపోతుంది. అదీగాక ఒకే బోర్డు మీది చిప్‌లు మాట్లాడుకోవడానికి పుట్టిన ఆ డిజిటల్ పద్ధతి కారు పొడవునా పరిచిన తీగల్లో సరిగా నిలవదు. చిప్‌కే ఉన్న అనలాగ్ అవుట్‌పుట్‌ను, అంటే కోణాన్ని వోల్టేజీగా ఇచ్చేదాన్ని, వాడితే రెండు బాధలూ తప్పుతాయి.

మూడో దారి పాత కార్ల విడిభాగాలు. ఖరీదైన కార్లలో వెనుక బరువు పెరిగినప్పుడు హెడ్‌లైట్లను కిందికి దించడానికి సస్పెన్షన్ దగ్గర చిన్న చేయి ఉన్న ఎత్తు సెన్సర్ ఒకటి ఉంటుంది. వానకూ బురదకూ ఓర్చేలా, ఏళ్ల తరబడి పనిచేసేలా చేసిన భాగం అది; చాలావాటిలో లోపల రాపిడే ఉండదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఓపికగా వెతికితే రేసింగ్ సెన్సర్ ధరలో చిన్న భాగానికే దొరకవచ్చు. దీని చేయి కోణాన్ని కొలుస్తుంది కాబట్టి సూటి లెక్క కొంత తప్పుతుంది: 60 మిల్లీమీటర్ల చేయి చివర 20 మిల్లీమీటర్లు కదిలినప్పుడు కోణాన్ని పొడవుతో గుణించి చూస్తే 20.4 అని వస్తుంది. ఆ 0.4 తేడా ప్రతిసారీ అంతే వస్తుంది కాబట్టి పట్టికతో సరిదిద్దవచ్చు.

తీగ లాగే సెన్సర్లు, కాంతితో దూరం కొలిచే చవక చిప్‌లు కూడా ప్రస్తావనకు వస్తుంటాయి. మొదటి రకంలో చక్రం చటుక్కున వెనక్కి వచ్చినప్పుడు స్ప్రింగు తీగను అంత వేగంగా చుట్టుకోలేక తీగ వదులవుతుంది. రెండో రకం ఎండకూ దుమ్ముకూ తడబడుతుంది, సెకనుకు తీసే కొలతలూ తక్కువే. వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటరు నుంచి స్థానాన్ని లెక్కగడదామన్న ఆలోచన కాగితం మీద బాగానే ఉంటుంది కాని, రెండుసార్లు సమాకలనం చేసేసరికి చిన్న పొరపాటు కూడా కొన్ని సెకన్లలోనే కొండంతవుతుంది.

రేఖీయత, పునరావృతత: రెండూ ఒకటి కావు

సెన్సర్ వివరపత్రంలో పెద్ద అక్షరాలతో కనిపించేది రేఖీయత. కదలికకూ వోల్టేజీకీ మధ్య గీసిన గీత ఎంత తిన్నగా ఉందో అది చెబుతుంది. పునరావృతత అంటే అదే చోటికి పదిసార్లు తెస్తే పదిసార్లూ అదే వోల్టేజీ రావడం. ధర పెరిగేకొద్దీ సాధారణంగా రెండూ మెరుగవుతాయి కాని, కొనేవారికి రెండింటి విలువ సమానం కాదు.

సెన్సర్‌ను బల్ల మీద బిగించి, వెర్నియర్ కాలిపర్‌తో ఐదేసి మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ వోల్టేజీ రాసుకుంటూ పోయి, చివరికి చేరాక అదే దారిలో వెనక్కి రావాలి. వెళ్లేటప్పుడు 30 మిల్లీమీటర్ల దగ్గర రావలసిన 2.00 వోల్టులకు బదులు 2.06 వచ్చి, వచ్చేటప్పుడు కూడా 2.06 వస్తే అది వంకర సెన్సరే కాని నమ్మకమైనది. ఆ వంకరను పట్టికలోకి ఎక్కించి లోపాన్ని తీసివేయవచ్చు. వెళ్లేటప్పుడు 1.97, వచ్చేటప్పుడు 2.03 వస్తే సగటు సరిగ్గా 2.00 అయినా ఆ సెన్సర్‌ను ఏ పట్టికా బాగుచేయలేదు. 75 మిల్లీమీటర్ల సెన్సర్‌లో ఆ 0.06 వోల్టుల తేడా 0.9 మిల్లీమీటర్లు. చవక సెన్సర్‌ను కొనవచ్చా లేదా అన్న ప్రశ్నను నేనైతే ఈ ఒక్క పరీక్ష మీదే తేలుస్తాను. తేడాకు కారణం తరచుగా సెన్సర్ కూడా కాదు: దాని చివరల్లోని బాల్ జాయింట్ల వదులు, లేదా బిగించిన రేకు ముక్క వంగడం. పాతిక వేల సెన్సర్‌ను వంగే రేకుకు బిగిస్తే అది ఆ రేకు వంపును అతి కచ్చితంగా కొలుస్తుంది.

ఒకే సెన్సర్, మూడు ప్రశ్నలు

ఎంత కచ్చితత్వం చాలునన్నది ప్రశ్నను బట్టి మారుతుంది. మొదటిది ఒరగడం. చక్రాల మధ్య వెడల్పు 1200 మిల్లీమీటర్లున్న కారులో మలుపు బయటి చక్రం 10 పైకి, లోపలి చక్రం 10 కిందికి పోతే తేడా 20 మిల్లీమీటర్లు, ఒరుగు 0.95 డిగ్రీలు. ఒక్కో సెన్సర్ అర మిల్లీమీటరు తప్పు చెప్పి, రెండు తప్పులూ ఒకదానికొకటి తోడైనా ఒరుగులో వచ్చే పొరపాటు 0.06 డిగ్రీలే. ఈ ప్రశ్నకు చవక సెన్సర్ ధారాళంగా సరిపోతుంది.

రెండోది కారుకు బిగించిన రెక్కల మీది గాలి వల్ల పుట్టే కిందిమొగం ఒత్తిడి. ముందు ఇరుసు మీద 300 న్యూటన్ల ఒత్తిడి పడుతోందనుకుంటే ఒక్కో చక్రానికి 150 వస్తుంది. చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 30 న్యూటన్లయితే కారు దిగేది 5 మిల్లీమీటర్లు, డ్యాంపరు కదిలేది 4. ఒక శాతం రేఖీయత లోపం ఉన్న 75 మిల్లీమీటర్ల సెన్సర్‌లో పొరపాటు 0.75 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. అంటే కొలవాలనుకున్నదానిలో దాదాపు ఐదో వంతు. ఒరుగుకు చాలిన సెన్సరే ఇక్కడ పట్టికతో సరిదిద్దకపోతే పనికిరాకుండా పోతుంది.

మూడోది డ్యాంపరు వేగం, అన్నిటిలోకీ కఠినమైనది ఇదే. వేగాన్ని సెన్సర్ కొలవదు. వరుసగా తీసిన రెండు స్థానాల తేడాను సెకనుకు తీసే కొలతల సంఖ్యతో గుణించి పట్టుకోవాలి. పది బిట్ల బోర్డు 75 మిల్లీమీటర్లను 1024 మెట్లు చేస్తే ఒక్కో మెట్టు 0.073 మిల్లీమీటర్లు. సెకనుకు 500 కొలతలు తీస్తే, కారు నిశ్చలంగా ఉండి ఒకే ఒక మెట్టు అటూ ఇటూ మినుకుమన్నా లెక్కలో అది సెకనుకు 37 మిల్లీమీటర్ల వేగంగా కనిపిస్తుంది. మలుపులో కారు నెమ్మదిగా ఒరిగేటప్పటి డ్యాంపరు వేగాలు కూడా ఆ స్థాయిలోనివే కాబట్టి అసలు సమాచారం మొత్తం ఈ మినుకుల్లో మునిగిపోతుంది. పన్నెండు బిట్లతో అదే మినుకు 9 మిల్లీమీటర్లకు దిగుతుంది. కొలతల వేగాన్ని తగ్గించడం ఇంకొక ఉపాయం కాని దానికి హద్దుంది: పది కిలోల చక్రం భాగం, మిల్లీమీటరుకు 100 న్యూటన్ల టైరు, 30 న్యూటన్ల స్ప్రింగు ఉన్న కారులో చక్రం తనంత తాను ఎగిరే వేగం సెకనుకు సుమారు 18 సార్లు. ఆ ఊపు ఆకారం కనబడాలంటే దానికి పదింతలైనా, అంటే సెకనుకు దాదాపు 200 కొలతలైనా కావాలి.

తీగ చివర దొర్లే తప్పులు

వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 అనే చవక చిప్ మీద పదహారు బిట్లని రాసి ఉండటం చూసి చాలామంది కొంటారు. అది సెకనుకు గరిష్ఠంగా 860 కొలతలే తీస్తుంది. నాలుగు సెన్సర్ల మధ్య పంచితే ఒక్కోదానికి 215కు మించి రావు, మార్పిడికి పట్టే సమయం పోను ఇంకా తక్కువ. పన్నెండు బిట్లే ఉన్నా ఎంతో వేగంగా కొలిచే ఎంసీపీ3208 ఈ పనికి అంతకంటే నప్పుతుంది.

మరొక తప్పు కనబడకుండా దాగి ఉంటుంది. పది వేల ఓముల పొటెన్షియోమీటరును లక్ష ఓముల నిరోధం ఉన్న ఇన్‌పుట్‌కు కలిపితే, వైపర్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు 2.5 రావలసిన చోట 2.44 వోల్టులే వస్తాయి. 75 మిల్లీమీటర్ల మీద అది 0.9 మిల్లీమీటర్ల పొరపాటు. పది లక్షల ఓములైతే పొరపాటు 0.1 మిల్లీమీటరుకు పడిపోతుంది. రెండు చివరలా ఈ లోపం సున్నా కాబట్టి, చివరలు రెండూ చూసి అంతా సరిగ్గా ఉందనుకునేవారికి ఇది ఎప్పటికీ దొరకదు. మధ్య కొలతలు కూడా రాసుకోవడం ఇందుకే.

రేసింగ్ సరుకు కొనాలనేవారి వాదన, చవకది చాలనేవారి వాదన

ఖరీదైనదే కొనాలనేవారి మాటలో బలం ఉంది. ట్రాక్ అద్దె, ఇంధనం, టైర్లు, ఇరవై మంది ప్రయాణం అన్నీ కలిసిన పరీక్ష రోజు ఒక సెన్సర్ చచ్చిపోతే ఆ రోజు సమాచారం కుంటుపడుతుంది, ఆ నష్టం సెన్సర్ ధరను మించుతుంది. నీరు, దుమ్ము చొరని సీలు, గట్టి కనెక్టరు, ప్రతి ముక్కతో పాటు వచ్చే క్రమాంకన (కాలిబ్రేషన్) పత్రం వంటివాటికే ఆ ధర. చవకవారి మాటలోనూ అంతే బలం ఉంది. విద్యార్థుల కారులో సెన్సర్లు అరిగి చావడం కంటే జాకీ ఎత్తినప్పుడో, కోన్ తగిలినప్పుడో, తీగ నలిగినప్పుడో విరిగి చావడం ఎక్కువ. అలాంటి చావుకు ఖరీదైనదీ చవకదీ ఒకటే. ఒక ఖరీదైన సెన్సర్ డబ్బుతో నాలుగు పారిశ్రామిక సెన్సర్లు, పైన ఒకటి రెండు విడివీ వస్తే, విరిగినదాన్ని పది నిమిషాల్లో మార్చి కారును మళ్లీ ట్రాక్ మీదికి పంపవచ్చు.

తూకం వేస్తే, తొలి ఏళ్ల జట్టుకు సీలున్న, తిన్నగా జారే పారిశ్రామిక పొటెన్షియోమీటర్లు నాలుగు, అదనంగా ఒకటి అన్న దారే నాకు సబబుగా తోస్తుంది. రాకర్లున్న కారుకు, ఎలక్ట్రానిక్స్ మీద కూర్చునే ఓపికున్న ఒకరిద్దరు విద్యార్థులున్న జట్టుకు అయస్కాంతపు దారి ఇంకా చవక, అరుగుదలా లేదు. స్లైడర్ల దారిని మాత్రం షెడ్డులో పద్ధతి నేర్చుకోవడానికి మించి వాడలేము.

నాలుగు సెన్సర్లకూ కనబడని కదలిక

డ్యాంపరు పక్కన ఎంత మంచి సెన్సర్ పెట్టినా అది కొలిచేది చక్రానికీ ఛాసిస్‌కూ మధ్య దూరాన్నే. ఛాసిస్‌కూ నేలకూ మధ్య దూరాన్ని కాదు. పైన చెప్పిన 150 న్యూటన్ల ఒత్తిడికి సస్పెన్షన్ 5 మిల్లీమీటర్లు దిగినప్పుడు, మిల్లీమీటరుకు 100 న్యూటన్ల గట్టిదనమున్న టైరు కూడా 1.5 మిల్లీమీటర్లు నలుగుతుంది. కారు నేలకు దగ్గరైనది మొత్తం 6.5 మిల్లీమీటర్లు, సెన్సర్ కొలత నుంచి తేలేది 5. రెక్క నేలకు ఎంత ఎత్తున పనిచేస్తోందో తెలియాలంటే టైరు గట్టిదనాన్ని విడిగా కొలిచి ఆ 1.5ను లెక్కలో కలపాలి, లేదా కారు అడుగున లేజర్ ఎత్తు సెన్సర్ పెట్టాలి. ఆ లేజర్ ఒక్కదాని ధరకు ఇక్కడ చెప్పుకున్న పారిశ్రామిక సెన్సర్లు నాలుగూ వచ్చి ఇంకా డబ్బు మిగులుతుంది కాబట్టి, చాలా జట్లు టైరును తూకపు పళ్లెం మీద నొక్కి, డయల్ గేజీతో నలుగుడును చదివి, ఆ అంకెనే పట్టికలో చేర్చుకుంటాయి.